వ కి గుడి

బ్రాడీపేట నాలుగో లైను, మేడమీద గది.
రాత్రి ఏడున్నరకి స్పోకెన్ ఇంగ్లీషు.
మిర్చి యార్డు నుంచి తిన్నగా వస్తాను కదా,
నేను కూర్చోగానే ముందు బెంచీ తుమ్ముతుంది,
తర్వాత వెనక బెంచీ.
ఫ్లోరెన్స్ టీచరు కిటికీ తెరిచొచ్చి
బోర్డు మీద ఒకే ఒక్క మాట రాసింది.
విట్టీ.

"చమత్కారి అని రాసుకోండి. కానీ అక్కడే ఆగిపోకండి.
జారిపడ్డవాణ్ణి చూసి నవ్వొస్తే ఫన్నీ.
పడ్డవాడు దుమ్ము దులుపుకుంటూ అన్న మాటకి
మీరు నవ్వి, దారిలో మళ్ళీ నవ్వి,
మూడోసారి నవ్వబోయి ఆగిపోతే
అది విట్టీ.
సొంత వాక్యం రాయండి. పుస్తకంలోది వద్దు."

పక్కనున్న యేసుపాదం
'మా ప్రిన్సిపాల్ విట్టీ' అని రాశాడు.
ఉదాహరణ చెప్పమంది టీచరు.
యేసుపాదం ఇంకా ఆలోచిస్తున్నాడు.

ఎకసెక్కం నాకు తెలుసు.
వెటకారం మా షావుకారుకి పాలతో పట్టారు.
పరాచికాలు హమాలీలు బస్తాతో పాటు మోస్తారు.
ఇది వీటిలో ఏదీ కాదు.
పెన్ను మూత నములుతుంటే
ఆదెమ్మ గుర్తొచ్చింది.

తాలు ఏరే ఆదెమ్మ.
తెల్లబారిన కాయని చూడకుండానే
వేళ్ళతో పక్కకి తోసే ఆదెమ్మ.
ఫిబ్రవరిలో, సీజను మండుతున్నప్పుడు,
పెదకూరపాడు రైతొకడు తన బస్తాల ముందు నిలబడి
తూకం తేడాగా ఉందని నసుగుతుంటే
షావుకారు ఛాతీ మీద చెయ్యేసుకున్నాడు.
"మా కాటా నిఖార్సు!"
ఆదెమ్మ తలెత్తలేదు.
"అవును బాబూ, మీది కాటానే.
ట కి కొమ్మొస్తేగా కాటయ్యేది."
ఎవరూ అడక్కుండానే ఇంకో మాట కూడా అంది:
"రాత్రిబడిలో కొమ్ముల దాకా నేర్పారు,
ఒత్తుల దగ్గరికొచ్చేసరికి మూసేశారు."

హమాలీలు నవ్వారు. రైతు నవ్వాడు.
అందరికంటే గట్టిగా షావుకారే నవ్వాడు,
గోడకి ఆనుకుని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకుని.
నేనూ నవ్వాను,
బస్తాకి రెండు కిలోలు తరుగు రాసిన చేత్తోనే
నోరు మూసుకుని.

సోమవారం కూలీల పట్టీలో ఆదెమ్మ లేదు.
పేరు మీద గీత నాదే.
స్కేలు పెట్టి గీశాను.

వాక్యం రాసిచ్చాను.
ఫ్లోరెన్స్ టీచరు చదివి కళ్ళద్దాలు పైకి తోసింది.
"తప్పు లేదు. కానీ వాజ్ ఎందుకు? పోయిందా ఆవిడ?"
లేదండీ.
"మరి చమత్కారం పోయిందా?"
తుమ్మొచ్చినట్టు నటించాను.

ఆదివారం ఏటుకూరు రోడ్డుకి వెళ్ళాను.
కోల్డ్ స్టోరేజీ గుమ్మంలో గోనె పరుచుకుని,
ముక్కుకి పైట చుట్టుకుని,
అవే వేళ్ళు, వేరేవాళ్ళ కాయలు.
ఇంగ్లీషులో నీలాంటిదాన్ని విట్టీ అంటారు, అన్నాను.
"వట్టి అనా?"
విట్టీ.
"వెట్టా? అది ఇంగ్లీషోళ్ళకీ తెలుసా?"
కాదు ఆదెమ్మా, మాటని భలేగా తిప్పేవాళ్ళని...
"ఉండు" అంది.
ఎర్రటి పొడి రాలిన నేల మీద వేలితో వ రాసింది.
"తలకట్టుతో వదిలేస్తే వట్టి.
ఎత్వం తగిలిస్తే వెట్టి.
నువ్వేమో నాకు గుడి కట్టడానికొచ్చావు,
ఉన్న పట్టీలోంచి తీసేసి."

నవ్వాను.
బండెక్కి, బైపాసు దాటేదాకా నవ్వుతూనే ఉన్నాను.
చుట్టుగుంట సెంటర్లో సిగ్నలు పడింది.
మళ్ళీ నవ్వబోయాను.

ఇంటికెళ్ళి నోటు పుస్తకంలో
వాజ్ కొట్టేసి ఈజ్ రాశాను. గీత వంకరపోయింది.
రేపు పొద్దున్నే యార్డులో కాటా పుస్తకం తెరవాలి.
ఆ మాటకి స్పెల్లింగు
నాకింకా ఖాయంగా తెలీదు.